ఆరు మంచాల ఆట

తొంభైల నడిమి సంవత్సరాల్లో నేను నల్లగొండలో ఒక ప్రైవేటు కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో అసిస్టెంటుగా పనిచేసేవాణ్ని. లెన్సులు తుడిచి అలమారాలో పెట్టడం, లోలకాల దారాల చిక్కులు విప్పడం, పిల్లల రికార్డులు సర్దడం నా ఉద్యోగం. సాయంత్రం అయిదు దాటిందంటే మాత్రం సైకిలు గడియార స్తంభం వైపు తిరిగేది. అక్కడికి కాస్త అవతల ఒక బట్టల దుకాణం మేడ మీద కంప్యూటర్ సెంటర్ ఉండేది. మూడంటే మూడు కంప్యూటర్లు. చెప్పులు మెట్ల కింద విడిచి, గోనెపట్టా మీద కాళ్లు తుడుచుకుని, గుడిలోకి పోయినట్టు లోపలికి పోవాలి. అక్కడ బేసిక్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నాను. నేర్చుకున్న నెలకే ఆటలు రాయడం మొదలుపెట్టాను.

ఆటలంటే ఇప్పటి ఆటలు అనుకోవద్దు. నల్లని తెర మీద ఒక అక్షరం అటూ ఇటూ కదులుతుంది. మీట నొక్కితే దాన్నుంచి ఒక చుక్క పైకి పోతుంది. అది పైనున్న ఇంకో అక్షరానికి తగిలితే కీచుమని శబ్దం వస్తుంది. అంతే. కానీ ఆ కీచుమనే శబ్దం నేను రాసిన వాక్యం వల్ల వచ్చిందన్న గర్వం ఇంటిదాకా సైకిలును తొక్కకుండానే నడిపించేది.

సెంటర్ నడిపే సారు అంతకుముందు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినవాడు. టైపులో వేగం పోటీలు పెట్టిన అలవాటు కొద్దీ కంప్యూటర్లకూ ఒక పోటీ పెట్టాడు. నాలుగు నెలలకోసారి ఒక శనివారం పగలు పన్నెండు గంటలకు ఒక చీటీ తీస్తారు. దాని మీద ఒకే మాట ఉంటుంది. ఆ మాట మీద ఆదివారం సాయంత్రం అయిదింటికల్లా ఒక ఆట తయారు చేయాలి. ముందే రాసుకొచ్చినది చెల్లదు. రాత్రి తొమ్మిదికి తాళం పడుతుంది. మూడే కంప్యూటర్లు కాబట్టి గంటల లెక్కన వంతులు. అయిదు దాటాక కింది దుకాణంలోని వాళ్లు, హోటల్లోని వాళ్లు, బస్టాండుకు పోయేవాళ్లు ఎవరైనా పైకి వచ్చి ఆడవచ్చు. వచ్చిన ప్రతి మనిషి చేతిలో సారు ఒక చింతగింజ పెడతాడు. నచ్చిన ఆట ముందున్న గాజు గ్లాసులో దాన్ని వేయాలి. ఎవరి గ్లాసులో గింజలు ఎక్కువుంటే వాళ్లు గెలిచినట్టు. బహుమానం ఒక కొత్త ఫ్లాపీల డబ్బా. మొదటి రెండు పోటీలూ నేనే గెలిచాను. మూడోది కూడా నాదేనన్న ధీమాలో ఉన్నాను.

ఆ మూడో పోటీకి కొత్తగా ఒక సిస్టరమ్మ వచ్చింది. పెద్ద దవాఖానలో నర్సు. నలభై ఏళ్లుంటాయి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చంకలో గొడుగుతో ఉండేది. వాళ్లది కట్టంగూర్. అమ్మానాన్నలు ఇతరుల చేన్లలో కూలికి పోయి ఆమెను చదివించారని తర్వాత ఆమే చెప్పింది. ఆమె కంప్యూటర్ నేర్చుకోవడానికి కారణం చిత్రమైనది. దవాఖానకు ఒక కంప్యూటర్ వచ్చిందట. వచ్చిన రోజు నుంచి దాని మీద గుడ్డ కప్పి, గదికి తాళం వేసి ఉంచారట.

"దాన్ని ముట్టుకుంటె ఖరాబైతదని అందరికి భయం. రోగిని ముట్టుకునెటందుకు భయపడనోళ్లు డబ్బాను ముట్టుకునెటందుకు భయపడవట్టిరి. నేను నేర్సుకుంట, నాకు తాళం చెయ్యి ఇయ్యిన్రి అన్న" అని చెప్పి నవ్వింది.

డ్యూటీ లేని పూటల్లో వచ్చి నేర్చుకునేది. ఆమె మీట నొక్కడం చూస్తే నాకు ఓపిక పోయేది. ఒక్క వేలితో ఒక్కొక్క అక్షరం వెతికి నొక్కేది. కానీ నొక్కే ముందు నోటుబుక్కులో అంతా రాసుకునేది. తప్పొస్తే తెర వైపు చూడకుండా నోటుబుక్కులోకే చూసేది. పోటీలో పేరు ఇచ్చిందని తెలిసినప్పుడు, పాపం ఈమెకెందుకు ఇదంతా అనుకున్నాను. ఆ మాట మనసులోనే అనుకున్నందుకు ఇప్పటికీ సంతోషం.

ఆ శనివారం చీటీ మీద వచ్చిన మాట "చుక్క".

మేం ఆరుగురం. నాకు చుక్క అనగానే ఆకాశం తట్టింది. రాలుతున్న చుక్కల్ని కింది నుంచి కొట్టే ఆట రాస్తానని పది నిమిషాల్లో తేల్చుకుని మొదటి వంతు కూర్చున్నాను. జడ్చర్లలో మందుల ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన రెండు బస్సులు మారి ప్రతి పోటీకీ వచ్చేవాడు. భారీ మనిషి, మాటకు ముందు నవ్వు. ఆయనకు చుక్క అంటే ఇంకోటి తట్టింది. "చుక్కేసుకున్నోడు ఇంటికి పోవాలె. నువ్వు కుడికి నొక్కితె వాడు ఎడమకు పోతడు. గదే ఆట" అన్నాడు. మిగతా ముగ్గురిలో ఇద్దరు ముగ్గు చుక్కలు, ఒకరు వాన చుక్కలు అన్నారు.

సిస్టరమ్మ రెండున్నరకు వచ్చింది, పొద్దుటి డ్యూటీ దిగి నేరుగా. చీటీ చూసి, గొడుగు మూలకు పెట్టి, కిటికీ దగ్గర నేల మీద కూర్చుని నోటుబుక్కు తీసింది. ఆమె వంతు వచ్చి సారు పిలిస్తే, "నాది ఇంక కాలె సార్. ఆ జడ్చర్ల అన్నకు ఇయ్యిన్రి, ఆయనకు బస్సున్నది" అంది. సాయంత్రం దాకా కంప్యూటర్ ముట్టుకోనే లేదు. ఆమె పోయేటప్పుడు నేను ఊరుకోలేక అడిగాను.

"ఏం ఆట అక్కా?"

"సెలైన్ చుక్క" అంది.

ఆదివారం పొద్దున నేను తొమ్మిదికే కూర్చున్నాను. చుక్కలు మూడు వేగాల్లో రాలుతున్నాయి. పెద్ద చుక్కను కొడితే రెండుగా పగులుతుంది. నా పాత ఆటలన్నిటికంటే ఇది బాగా వచ్చింది. శనివారం రాసినదాన్ని సగం తీసేసి కొత్తగా రాశాను. పదకొండు దాటాక, అంతా పూర్తయిందని తృప్తిపడి ఫ్లాపీలోకి ఎక్కించే ఆజ్ఞ కొట్టాను. ఫ్లాపీ ఎర్ర దీపం వెలిగింది, గరగరమంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

ఫ్యాను తిరగడం ఆగిపోయాక గదిలో అందరూ ఒక్కసారిగా "అయ్యో" అన్నారు. నా కళ్లు ఫ్లాపీ మీదే ఉన్నాయి. ఎక్కిందా, ఎక్కలేదా? కరెంటు వస్తేగానీ తెలియదు. కిందికి పోయి కనుక్కుంటే ట్రాన్స్‌ఫార్మర్ కాలిందన్నారు. లైన్‌మన్ స్తంభం మీది నుంచే, "నాలుగైతది, ఫికర్ చెయ్యకున్రి" అని అరిచాడు.

ఎక్కడివాళ్లం అక్కడ కూలబడ్డాం. జడ్చర్లాయన తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. నేను గోడకు ఆనుకుని, చేతిలో ఆ ఫ్లాపీని పట్టుకుని కూర్చున్నాను. చర్చిలో ప్రార్థన ముగించుకుని సిస్టరమ్మ అప్పుడే వచ్చింది. కరెంటు లేదని తెలిసి ఆమె మొహంలో ఏ మార్పూ రాలేదు. నోటుబుక్కు తెరిచి, పెన్సిలుతో ఒక పట్టిక గీసుకుని, వేలు ఒక్కో వరుస మీద ఆనిస్తూ ఏదో లెక్కపెట్టుకుంటోంది. దవాఖానలో రోగి మంచానికి వేలాడే జ్వరం చార్టు ఎలా ఉంటుందో అలా ఉంది ఆ పట్టిక. పైన సెకన్లు, పక్కన మంచాల నంబర్లు.

కాసేపటికి లేచి, సారు బల్ల మీది సుద్దముక్క తీసుకుంది.

"సార్, జర నేల మీద గీసుకుంట. మళ్ల తుడుస్త."

గది నడుమ ఆరు పెట్టెలు గీసింది, ఇటు మూడు, అటు మూడు. ఒక్కో దాని పక్కన ఒక్కో మనిషిని నిలబెట్టింది. నన్ను రెండో పెట్టె దగ్గర. మనుషులు చాలక కింది హోటల్ నడిపే చాచాను పిలిచింది. ఆదివారం, కరెంటు లేదు, గిరాకీ లేదు. ఆయన భుజం మీది గుడ్డ దులుపుకుంటూ వచ్చాడు.

"చాచా, నువ్వు సిస్టర్‌వి. గివి ఆరు మంచాలు. అందరికి సెలైన్ ఎక్కుతాంది. ఏ బాటిల్ అయిపోవస్తె ఆ మంచంకాడికి పోయి కొత్తది పెట్టాలె. ఏ మంచమో నంబర్ చెప్పాలె. నేను కంప్యూటర్‌ను."

"నేను సిస్టర్‌నా?" అని చాచా గడ్డం నిమురుకున్నాడు. గది ఘొల్లుమంది.

అప్పుడు మొదలైంది. ఆమె నోటుబుక్కులోని వరుసలు ఒక్కొక్కటీ చదువుతూ, తన కార్యక్రమం ఏం చెబితే అది మాత్రమే చేస్తోంది. "ఒకటి. అందరికి ఒక్కొక్క చుక్క తగ్గింది. నూట ఇరవయ్యో వరుసకు పోతున్న. చాచా, నంబర్ చెప్పినవా? లేదు. మళ్ల వెనుకకు. రెండు." మేమంతా మా మా బాటిళ్లలో ఎన్ని చుక్కలు మిగిలాయో వేళ్లు చూపిస్తున్నాం. చాచా మొదట మెల్లగా నడిచాడు. తర్వాత పరుగెత్తాడు. మూడో మంచం, ఆరో మంచం, మళ్లీ ఒకటి. కింద అరుపులు విన్నవాళ్లు మెట్లెక్కి వచ్చి తలుపు దగ్గర గుమిగూడారు. ఎవరో "అయిదు! అయిదుకు పో!" అని అరుస్తున్నారు. తెర లేదు, మీట లేదు. అయినా అది ఆటే అయింది. అక్కడ ఉన్నవాళ్లెవరికీ కరెంటు లేదన్న ధ్యాసే లేదు.

నా బాటిల్ ఖాళీ అయింది. చాచా రాలేదు. "అక్కా, నేను సచ్చినట్టేనా?" అన్నాను.

ఆమె చదవడం ఆపి తల అడ్డంగా ఊపింది. "ఎవ్వలు సావరు నా ఆటల. సావు నేను దినాం జూస్త, ఆదివారం నాడు కూడ ఎందుకు? మంచం పక్కన మనిషి ఉంటడు గద, పెండ్లమో కొడుకో. వాళ్లకు చెప్పి పెడ్తం. బాటిల్ అయితె పైపు మీది చక్రం తిప్పి బంద్ చేసి, సిస్టర్‌ను పిలువమని. నువ్విప్పుడు పిలువాలె. ముగ్గురు ఒక్కసారే పిలిస్తె పెద్ద డాక్టర్ వస్తడు. అప్పుడు ఆట ఖతం."

నేను గట్టిగా "సిస్టర్!" అని పిలిచాను. పక్క పెట్టె దగ్గరున్న జడ్చర్లాయన నాకంటే గట్టిగా పిలిచాడు.

ఆట రెండోసారి ఆడినప్పుడు ఒక చిక్కు వచ్చింది. ఒకటో మంచం, ఆరో మంచం రెండూ గదికి ఆ చివరా ఈ చివరా. రెంటి బాటిళ్లూ ఒకే లెక్కకు ఖాళీ అయ్యాయి. చాచా ఎంత పరుగెత్తినా అందుకోలేదు. ఆయాసంతో నడుం పట్టుకుని, "నాతోని కాదు బేటీ" అన్నాడు.

"నీ తప్పు గాదు చాచా, నా తప్పు" అని ఆమె అక్కడే కూర్చుండిపోయింది. వేలు వరుసల మీద పైకీ కిందికీ పోయింది.

"దవాఖానల గట్లనే అయితది గదా అక్కా" అన్నాను.

"అయితది. దవాఖానల అయితదని ఆటల పెడ్తమా? ఆడెటోనికి ఏదో ఒక దారుండాలె. దారి లేకుంట చేసి ఓడగొడ్తె అది అన్యాలం."

రెండు వరుసలు కొత్తగా చేర్చింది. దూరపు మంచాలకు చుక్కల లెక్క ఒకటే పడితే ఒకదానికి అయిదు చుక్కలు కలపాలి. ఆ మాట విన్నప్పుడు నాకు నా ఆటలు గుర్తొచ్చాయి. నా చుక్కలు ఎవరు ఎంత బాగా ఆడినా చివరికి మీద పడేవి. ఎలాగూ ఓడాలి కదా అని అలాగే వదిలేసేవాణ్ని. ఆడేవాడి వైపు నుంచి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

కరెంటు నాలుగూ పదికి వచ్చింది. అందరికంటే ముందు నేనే పరుగెత్తి ఫ్లాపీ పెట్టాను. గరగరమంది, ఆగింది. ఫైలు చదవడం కుదరదని ఒక వరుస వచ్చింది. మళ్లీ కొట్టాను. మళ్లీ అదే. శనివారం రాసినది కూడా అదే పేరు మీద ఉండేది కాబట్టి అదీ పోయింది. కుర్చీలోంచి లేచి చెప్పుల దగ్గరికి పోతున్నాను. ఇంటికి పోదామనే.

"తమ్మీ" అని పిలిచింది. "నాకు టైపు రాదు. యాభై నిమిషాలల నా చేతితోని అయ్యేది గాదు. నువ్వు కొడ్తవా? నేను చదువుత."

నేను సారు వైపు చూశాను. సారు మిగతావాళ్ల వైపు చూశాడు. "కొట్టనియ్యిన్రి సార్, రాసింది ఆమెనేనాయె" అని జడ్చర్లాయన అన్నాడు.

ఆమె చదివింది, నేను కొట్టాను. వరుస నంబరు, మాట, గుర్తు. గొంతులో కంగారు లేదు. ఒక మందు పేరు, మోతాదు ఇంకో నర్సుకు చెబుతున్నట్టు చదివింది. నేను తిరిగి చెబితేనే తర్వాతి వరుసకు పోయేది. మొదట చిరాకుగా ఉన్నా సగానికి వచ్చేసరికి నేను కొడుతున్నదేమిటో నాకు అర్థమవుతూ వచ్చింది. ఎక్కడా ఒక్క అనవసరమైన వరుస లేదు. నేనైతే ఆరు మంచాలకు ఆరుసార్లు రాసేవాణ్ని. ఆమె ఒక్కసారి రాసి ఆరుసార్లు తిప్పింది. కంప్యూటర్ ముందు కూర్చోకుండా, నేల మీద కూర్చుని, అంత శుభ్రంగా ఎలా రాయగలిగిందో నాకు తెలియలేదు.

అయిదుకు ఆరు నిమిషాలుండగా నడిపాం. తప్పు వచ్చింది. ఆ వరుస తీసి చూస్తే ఒక బ్రాకెట్ లేదు. నోటుబుక్కులో ఉంది. నేనే కొట్టలేదు. కొట్టి, మళ్లీ నడిపాం. తెర మీద ఆరు పెట్టెలు, ఒక్కో దాని కింద వరుసగా చుక్కలు, నడుమ కూడిక గుర్తులా సిస్టరు. చుక్కలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. నేను మూడు నొక్కాను. సిస్టరు మూడో మంచానికి పోయింది. బాటిల్ నిండింది. ముందుగా ఫ్లాపీలోకి ఎక్కించమని ఆమె నా భుజం తట్టింది.

ఆ సాయంత్రం మెట్ల మీద జనం నిలబడ్డారు. మధ్యాహ్నం నేల మీద ఆట చూసినవాళ్లంతా ఇంకొందర్ని తీసుకొచ్చారు. మంచం పక్కన కూర్చున్నవాళ్లు, కూర్చోబెట్టినవాళ్లు కాని మనుషులు ఆ ఊళ్లో ఎవరున్నారు? ఎవరికీ ఆట వివరించాల్సిన పని పడలేదు. ఓడినప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో "పెద్ద డాక్టర్ వచ్చిండు" అని తెర మీద పడేది. ఆడినవాళ్లు లేచి నిలబడి నమస్తే పెట్టేవాళ్లు.

అయినా గెలిచింది జడ్చర్లాయన. ఆయన ఆటలోని తాగుబోతు మోరీ కాలువలో పడినప్పుడల్లా జనం పడి పడి నవ్వారు. గ్లాసులు ఒలికించి చూస్తే సిస్టరమ్మకంటే ఆయనకు రెండు గింజలు ఎక్కువ. నాకు కోపం ఆగలేదు. "అక్కా, నీ ఆట ముందు అదేం ఆట? ఎవలో లెక్క తప్పిన్రు" అన్నాను.

"తప్పలే. అండ్ల ఒక గింజ నాదే" అంది. "ఎంత నవ్వుకుంట పోయిన్రో సూడు. దవాఖాన నుంచి ఎవలన్న గట్ల నవ్వుకుంట పోతరా?"

ఆ వానాకాలం మా నాయినకు వాంతులు, విరేచనాలై పెద్ద దవాఖానలో మూడు రోజులు ఉన్నాం. ఆమె వార్డు కాదు గానీ పక్క వార్డే. తలుపు సందులోంచి ఆమె పని చూశాను. ఆరు మంచాలు కాదు, ముప్పై దాకా ఉన్నాయి. కింద చాపల మీద కూడా మనుషులున్నారు. ఆమె పరుగెత్తదు. ఎక్కడికి పోతున్నా దారిలోని నాలుగు బాటిళ్లు చూసుకుంటూ పోతుంది. ఒకరి పైపు సవరించి, ఒక ముసలవ్వ దుప్పటి సర్ది, అప్పుడు పిలిచినవాళ్ల దగ్గరికి చేరుతుంది. నన్ను చూసి వచ్చి, మా నాయిన నాడి పట్టుకుని, "ఏం గాదు బాపూ, రేపు బువ్వ తింటవు" అంది. ఆ గుడ్డ కప్పిన కంప్యూటర్ గది తాళం చెవి ఆమె నడుముకు వేలాడుతూ కనిపించింది. వార్డుల్లో ఏ మంచం ఖాళీగా ఉందో చెప్పే చిన్న పట్టిక ఒకటి రాసి పెట్టిందట. గేటు దగ్గరి చౌకీదారు కూడా ఇప్పుడు వచ్చి ఆమెను అడిగి పోతున్నాడట.

తర్వాత నాలుగు పోటీల్లో ఆమె పాల్గొంది. ఒక్కసారి కూడా మొదట రాలేదు, ఒక్కసారి కూడా మానలేదు. నేను రెండు గెలిచాను. కానీ ఆట పూర్తవగానే ఆమెను కూర్చోబెట్టి ఆడించేవాణ్ని. "మంచిగుంది" అంటే లోపం ఉన్నట్టు. ఏమీ అనకుండా మళ్లీ ఆడితే నిజంగా బాగున్నట్టు. ఆ తేడా పట్టుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

ఆమెకు మహబూబ్‌నగర్ బదిలీ అయింది. ఆ తర్వాత సారు మేడ మీది గది ఖాళీ చేసి ఊరవతలికి పోయాడు. పోటీలు ఆగిపోయాయి. ఒక ఏడాది గడిచాక ఆమె నుంచి కార్డు వచ్చింది. అక్కడ ఒక కాలేజీలో కంప్యూటర్లు ఆదివారాలు ఊరికే ఉంటున్నాయని, అడిగితే ఇచ్చారని, నర్సింగు చదివే పిల్లలతో పోటీ పెడుతున్నానని, వీలైతే రమ్మని. జడ్చర్లాయనకు కూడా రాసిందట. ఆయన జడ్చర్ల బస్టాండులో నాకోసం కాచుకుని ఉన్నాడు, ఇద్దరం కలిసి వెళ్లాం.

ఆ గదిలో ఇరవై మంది అమ్మాయిలు. సగం మంది తలకు కొబ్బరినూనె రాసి, ఒత్తుగా జడలేసుకుని, అప్పుడే హాస్టలు నుంచి వచ్చారు. ఆసారి చీటీ మీద మాట "గోడ". మేమిద్దరం కూడా పేర్లు ఇచ్చి ఆటలు రాశాం. ఒకమ్మాయి గోడ అవతలి మనిషికి దగ్గు, కడవ, గాజుల చప్పుళ్లతో మాత్రమే కబురు పంపే ఆట రాసింది. తెర మీద దాదాపు ఏమీ లేదు, అన్నీ కీచు శబ్దాలే. కళ్లు మూసుకుని ఆడాలి. నేను ఆడాను, రెండుసార్లు ఓడాను, మూడోసారి ఆడాను. తల తిప్పి చూస్తే సిస్టరమ్మ నా వెనక నిలబడి ఉంది. ఏమీ అనలేదు. ఆ అమ్మాయి వైపు చూసి, "ఇంకొకపారి నేను ఆడ్త, జరుగు" అని నన్ను కుర్చీలోంచి లేపింది.

ఆ పోటీలో నాది తొమ్మిదో స్థానం. జడ్చర్లాయనది పదకొండు.